దక్షిణాఫ్రికా యాత్ర: సింహాన్నే కాదు, మనవాళ్లనూ చూసి వద్దాం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతాల సభ్యులం కొందరం కలిసి దక్షిణాఫ్రికా వెళ్లాలని అనుకుంటున్నాం. వివరాలు సేకరించే పని నాకు అప్పగించారు. తెలుసుకున్నవి మీ ముందు పెడతాను.

ట్రావెల్ ఏజెంటును అడిగితే ముందుగా క్రూగర్ పార్కు పేరే చెబుతారు. అది సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు, అంటే 48 లక్షల ఎకరాలు. మన వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలి మూడున్నర వేల ఎకరాలకు కొంచెం పైన. క్రూగర్ గొప్పదే, కాదనను. అయితే మన వయసుకూ, మన చరిత్రకూ దర్బన్ కేంద్రంగా వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

కారణం చెబుతాను. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది కూలీలు. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లినవారు. 1911 వరకు ఇలా లక్షా యాభై రెండు వేల మంది వెళ్లారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి సంతతి 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. మన నాయుడు అక్కడ ‘నాయ్డూ’ అయ్యాడు. తరాలు గడిచి చాలా ఇళ్లలో భాష పలుచబడింది, పేరు మాత్రం మిగిలింది.

ఆనాటి ఓడల జాబితాల్లో ప్రతి కూలీకి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, గ్రామం రాసి ఉంచారు. మీ ఇంట్లో ‘ఫలానా తాత ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదు’ అనే మాట ఉంటే, ఆ తాత పేరు, ఊరు పెద్దవాళ్లనడిగి ఇప్పుడే రాసి పెట్టుకోండి. అడగడానికి మనుషులున్నప్పుడే అడగాలి. దర్బన్‌లోని 1860 హెరిటేజ్ సెంటర్ ఈ చరిత్ర కోసమే ఉంది.

దర్బన్ శివార్లలో గాంధీగారు 1904లో స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమం ఉంది. 1985 అల్లర్లలో తగలబడినా తిరిగి కట్టి 2000లో తెరిచారు. దగ్గరలోనే ఒహ్లాంగే పాఠశాల. 1994లో మండేలా తన మొదటి ఓటు అక్కడే వేశారు. 1893 జూన్ 7 రాత్రి గాంధీగారిని రైలు నుంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషను దర్బన్‌కు ఎనభై కిలోమీటర్ల దూరమే.

మరి జంతువులు? దర్బన్‌కు ఉత్తరాన సుమారు 280 కిలోమీటర్లలో హ్లుహ్లువే-ఇంఫలోజీ పార్కు ఉంది. 1895లో ఏర్పడింది. విస్తీర్ణం 960 చదరపు కిలోమీటర్లు. సింహం, ఏనుగు, చిరుత, అడవి దున్న, ఖడ్గమృగం అన్నీ ఉన్నాయి. ఒక దశలో దక్షిణాది తెల్ల ఖడ్గమృగం అంతరించే స్థితికి వచ్చి ఈ ప్రాంతంలోనే కొద్దిపాటి మిగిలాయి. వాటిని కాపాడి, సంఖ్య పెరిగాక, 1960లలో ఇతర పార్కులకు పంపారు. వేటగాళ్ల బెడద నేటికీ తీరలేదు.

పది రోజులనుకుంటే దర్బన్‌కు నాలుగు, పార్కుకు మూడు, ప్రయాణాలకు మూడు. జూన్ నుంచి సెప్టెంబరు మంచి కాలం. గడ్డి ఎండి జంతువులు కనబడతాయి, నీళ్లకు గుంటల దగ్గరకు వస్తాయి. అక్కడ అది చలికాలం. తెల్లవారుజామున తెరిచిన జీపులో చలి కొడుతుంది. స్వెట్టరు, మంకీ క్యాపు తప్పనిసరి. లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇచ్చేవారికి కూడా అప్పటికి తిరిగి రావచ్చు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా టికెట్టు చౌకగా దొరకవచ్చు. అక్కడ 12 గంటలు మించి ఆగినా, విమానాశ్రయం దాటి బయటకు వచ్చినా ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. నారాయణగూడ ఐపీఎంలో ఆ టీకా వేస్తారు. కానీ అరవై దాటినవారిలో ఆ టీకాకు తీవ్రమైన దుష్ఫలితం వచ్చే అవకాశం, అరుదుగానే అయినా, చిన్నవారికంటే ఎక్కువ. కనుక దుబాయి మీదుగా పోవడమే మనకు క్షేమం. నాలుగు డబ్బులు మిగులుతాయని ఆరోగ్యంతో బేరమాడవద్దు. మలేరియా మాత్రల సంగతి కూడా డాక్టరును అడగండి.

మన హెల్త్ కార్డులు అక్కడ చెల్లవు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు పాత బీపీ, షుగరు వర్తిస్తాయో లేదో చదివి సంతకం చేయండి. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు చూసుకోండి. వీసా చేతికి రాకముందు, డబ్బు వాపసు రాని టికెట్టు కొనవద్దు. ఫిక్సెడ్ డిపాజిట్ విరిచి, అప్పు చేసి మాత్రం ఎవరూ రావద్దు.

ఈ వయసులో సింహాల మధ్యకు ఎందుకని పిల్లలు అడుగుతారు. జీపులో మూడు గంటలు కదలకుండా కూర్చోగలమా అన్నదే అసలు ప్రశ్న. పరీక్షగా ఒకరోజు హరిణ వనస్థలికి అందరం కలిసి వెళదాం. మాట్లాడకుండా, ఓపికగా కృష్ణజింకలను చూద్దాం. మోకాళ్లు, నడుము ఏమంటాయో అక్కడే తేలిపోతుంది.

రాదలచినవారు కార్యదర్శిగారి వద్ద పేరు ఇవ్వండి. దాని పక్కనే ఓడెక్కిన మీ పూర్వీకుల పేరు, ఊరు తెలిస్తే అదీ రాయించండి. రాలేనివారు కూడా రాయించవచ్చు; మీ తరఫున మేము అడిగి వస్తాం.