ప్రోగ్రాముల తాళములు - కొన్నవారి పాట్లు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరు ప్రోగ్రాములకు దొంగప్రతులు తీయకుండ వేయు తాళములను గూర్చి చెప్పుమని మమ్ము కోరినారు. భాషాసంఘమునకు ఈ గొడవ యేల యని కొందరికి తోచవచ్చును. మన వారపత్రికయే అందులకు సమాధానము.

ఇనుపపెట్టెకు తాళము వేసినవాడు తాళపుచెవి తనవద్దనే దాచుకొనును. ప్రోగ్రాము సంగతి వేరు. కొన్నవాని యంత్రముపై అది నడువవలెనన్న చెవిని కూడ ఆ యింటికే పంపక తప్పదు. నేర్పరి యొక్కడు తాళము తీసిన చాలును. తక్కినవారికి నేర్పుతో పనిలేదు, వాని ప్రతియే ఊరూర తిరుగును. డివిడి చిత్రముల తాళము 1999లోనే విడిపోయినది. 2002లో కొన్ని పాటల డిస్కుల రక్షణ, అంచున మార్కరు పెన్నుతో గీత గీసినంతనే తొలగినది! 2008లో వెలువడిన స్పోర్ అను ఆటను మూడుసార్లకు మించి యెక్కించుకొనరాదని తొలుత నియమము పెట్టిరి. తాళము తీసిన దొంగప్రతి అమ్మకమునకు ముందే వ్యాపించినది. నియమము బాధించినది డబ్బిచ్చినవారినే.

తాళము బొత్తిగా వ్యర్థమని మేమనము. మిత్రునివద్ద ఊరక ప్రతి తీసుకొనువానిని అది ఆపును. తొలివారముల రాబడిని కొంత కాపాడును. తెలుగు అక్షరములు తీర్చినవారికిని కూడు కావలెను గదా.

ఇక మన పత్రిక. దీనిని చాలకాలము కూర్చిన డి.టి.పి. ప్రోగ్రాము డాంగిల్ అను చిన్న లాకుతో వచ్చినది. దానిని కంప్యూటరు వెనుక గుచ్చనిదే ప్రోగ్రాము కదలదు. పూర్తి వెల చెల్లించియే కొంటిమి. లాకు చెడినది, అమ్మినవారు ఆ రకము మానివేసిరి, కొత్త కంప్యూటర్లకు అది పట్టు చోటే లేదు. ఆ యక్షరములు యూనికోడువి కావు గనుక, పాత సంచికలను వేరొక యంత్రమున తెరచిన అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడుచున్నది. దొంగప్రతి వాడిన ముద్రాపకుడొకడు మాత్రము తన పాత పనులను నేటికిని సుఖముగా తెరచుకొనుచున్నాడు.

1957 నాటి కాపీరైటు చట్టము, న్యాయముగా కొన్నవానికి ప్రోగ్రామును భద్రతకై మరియొక ప్రతి తీసికొను హక్కు నిచ్చుచున్నది. లాకునకు ప్రతి తీయుట మనవలన నగునా?

తెలుగు బడులకై పంపిన అర్జీలు, పెద్దల మరణవార్తలు ఆ సంచికలలోనే యున్నవి. పరరాష్ట్రమున నున్న మన చరిత్రను వేరొకరు దాచిపెట్టరు. కాగితపు ప్రతులు గల సభ్యులు వానిని కార్యాలయమునకు తెచ్చినచో, యూనికోడులో మరల కూర్పింతుము. ఇకముందు ఏ ప్రోగ్రాము కొనినను, మన వ్రాత యూనికోడులో వెలికి వచ్చునా యని తొలుత విచారించి, పిమ్మట వెల మాటాడుదము.