మార్కు సువార్త: కర్త యెవరు?



మన కావ్యములలో ఆశ్వాసాంత గద్యమును చదివినచో కవి పేరును, తండ్రి పేరును తెలియును. క్రైస్తవుల నాలుగు సువార్తలలో మిక్కిలి ప్రాచీనమని పెక్కురు పండితులు తలంచు మార్కు సువార్తయందు అట్టి గద్య మేదియు లేదు. కర్త తన పేరు నెచ్చటను చెప్పుకొనలేదు. ‘మార్కు ప్రకారము’ అను శీర్షిక తరువాత చేర్పబడినదని విమర్శకుల మతము. మరి యీ పేరెట్లు వచ్చినది?

మనకు దొరకు తొలి సాక్షి పాపియసు. ఇతడు రెండవ శతాబ్ది తొలిభాగమున, చిన్న ఆసియాలోని హియెరాపొలి పట్టణమునకు బిషప్పు. మార్కు పేతురునకు దుబాసి యనియు, జ్ఞప్తియున్నంతవఱకు శ్రద్ధతో వ్రాసెననియు, అయినను వరుసగా వ్రాయలేదనియు ఒక పెద్ద చెప్పుచుండెడివాడని యితడు తెలిపెను. పాపియసు గ్రంథము నశించినది. నాల్గవ శతాబ్దిలో యూసీబియసు తన సంఘచరిత్రలో ఉదాహరించుటచేతనే యీ మాటలు మిగిలినవి. సాక్ష్యమిట్లు చేతులు మారి మనకు వచ్చినది.

ఇక గ్రంథమునే యడుగుదము. దీని భాష గ్రీకు. ‘తలీతాకుమీ’ వంటి అరమాయిక పలుకు వచ్చినచోట అర్థము చెప్పును. భోజనమునకు ముందు చేతులు కడుగుకొను యూదుల ఆచారమును వివరించును. బీద విధవ వేసిన రెండు కాసుల విలువను రోమను నాణెముతో తెలుపును. యూదులు కాని పాఠకులు కర్త మనస్సులో నుండిరనుట స్పష్టము. పదుమూడవ అధ్యాయమున దేవాలయ నాశనము ప్రస్తావింపబడినది. రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసినది క్రీ. శ. 70లో. కావున ఆ కాలమునకు కొంచెము ముందో వెనుకో యీ గ్రంథము పుట్టెనని పలువురి యభిప్రాయము.

ముగింపు మఱింత విచిత్రము. నాల్గవ శతాబ్దికి చెందిన సీనాయి, వాటికను ప్రతులలో ఈ సువార్త 16వ అధ్యాయము 8వ వచనముతో ఆగును. సమాధినుండి పరుగెత్తిన స్త్రీలు భయపడి యెవరితోను ఏమియు చెప్పలేదు, అంతతో సరి. తరువాతి 12 వచనములు పిమ్మట చేరినవని నేటి పండితులలో హెచ్చుమంది తలంతురు.

కర్త విడిచిన మౌనమును చదువరులు రెండుచోట్ల పూరించిరి: ఒకచోట పేరుతో, ఒకచోట ముగింపుతో. తరువాత చేరినంతమాత్రమున పేరు అసత్యము కానక్కరలేదు. వట్టి కల్పనయే యైనచో పండ్రెండుగురు శిష్యులలో చేరని మార్కును ఏల యెన్నుకొందురు? ఈ ప్రశ్నకు బలము కలదు. అయినను పేతురుతో సంబంధము కలిపిన పిదప ఆ పేరునకును గౌరవము లభించును గదా! కావున మార్కు పేరును సంప్రదాయముగా గౌరవింతును గాని, నిరూపిత విషయముగా జెప్పజాలను. విశ్వాసికైనను విమర్శకునకైనను, గ్రంథము పలికినదేదో, పరులు పలికినదేదో వేఱుపఱచి చూచుట శ్రేయస్కరమని నా మనవి.