తొమ్మిదో ప్రశ్నకు జవాబు ఎవరు చదువుతారు?

(నెల్లూరు తీరంలోని కోటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దిగులుకు, ఆందోళనకు సెల్‌ఫోన్‌లోనే చికిత్స దొరుకుతుందని ఇప్పుడు చాలామంది అంటున్నారు. ఖర్చు తక్కువట, దూరం వెళ్లక్కర్లేదట, నలుగురికీ తెలియదట. ఈ చివరి మాట గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

ఇలాంటి చికిత్స చాలాచోట్ల తొమ్మిది ప్రశ్నలతో మొదలవుతుంది. గత రెండు వారాల్లో నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా అని అడుగుతారు. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని. రొయ్యల గుంటల మీద పనికి వెళ్లే స్త్రీ 'అవును' అని నొక్కిందనుకుందాం. ఆ ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు సుమారు 49 శాతం. మిగతావారికి ఫోనంటే భర్తదో, కొడుకుదో. ఎవరి దెబ్బలకు ఆమెకు నిద్ర పట్టడం లేదో, సాయంత్రానికి ఆమె జవాబు అతని చేతిలోనే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది. అది డాక్టరును కట్టడి చేస్తుంది గాని, ఇంట్లో మొగుణ్ణి కాదు.

ఫోను పనికిరాదని నేననడం లేదు. పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు చేసిన ప్రయత్నం చూడండి. ఆశా కార్యకర్తలు టాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఈ ప్రశ్నలు అడిగారు, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. గిరిజన గ్రామాల్లో వైద్యం కోసం వెళ్లినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారని 2017లో ప్రకటించారు. ఎనిమిది మందిలో ఒక్కరేనా అనవచ్చు. అంతకుముందు నూటికి ఒక్కరు కూడా లేరు మరి! అక్కడ యంత్రం ఆశా చేతిలో ఉంది, ఎదురుగా కూర్చుని వినే మనిషి ఉంది. ఆ ఆశాను ప్రభుత్వం ఇప్పటికీ ఉద్యోగిగా గుర్తించలేదు. కొత్త పనులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఇంకొక మాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా స్త్రీలు రాత్రి బడుల్లో కలిసి కూర్చుని తమ దుఃఖానికి కారణం సారా అని తేల్చుకున్నారు. ఫోను కారణం అడగదు. ఊపిరి నెమ్మదిగా పీల్చమంటుంది. గుండె దడకు అదీ మంచిదే, కాని సారా దుకాణం దానితో మూతపడేది కాదు.

2022 అక్టోబరు నుంచి టెలి మానస్ ఉంది. 14416కు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నెంబరు చెప్పేటప్పుడు, మాట్లాడాక దాన్ని ఫోనులోంచి చెరిపెయ్యడం కూడా నేర్పండి. వీలైతే మీ ఫోనే ఇచ్చి, మీరు కాస్త దూరంగా వెళ్లి నిలబడండి.