శంకు నత్త: విషమును ఔషధమును



నత్త యనగానే వానకాలమున పెరటి గోడపై మెల్లగా ప్రాకు సాధుప్రాణి స్ఫురించును. దానికి పసివారు సైతము వెఱవరు. కాని మనుష్యుని చంపగల నత్తయు సృష్టిలో కలదు. గుల్ల శంకువు ఆకారమున నుండుటచే దానిని శంకు నత్త యందురు. హిందూ, పసిఫిక్ మహాసముద్రముల పగడపు దిబ్బలు దీని నివాసము. ఇందలి పెక్కు జాతులలో మిక్కిలి ప్రమాదకరమైన దానికి 1758లో లిన్నేయస్ పండితుడు కోనస్ జియోగ్రాఫస్ అని పేరిడెను. దాని గుల్లపైనుండు గోధుమవన్నె మచ్చలు దేశపటమును తలపించును.

ఇది పగలు ఇసుకలోను రాళ్ల సందులలోను దాగి, రాత్రివేళ వేటకు వెడలును. పరుగెత్తలేని ప్రాణి చేపను పట్టుట యెట్లు? నోటిని గరాటువలె విప్పి చిన్న చేపలను లోనికి గ్రహించి, బోలు సూదివంటి పంటితో పొడిచి విషమెక్కించును. ఆ విషములో ఇన్సులిన్ కూడ కలదనియు, అది చేపల రక్తమునందలి చక్కెరను తగ్గించి వానిని మగతలో ముంచగలదనియు 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

మనుష్యులను ఇది వేటాడదు. చేతబట్టినచో ఆత్మరక్షణకై పొడుచును. డచ్చి కంపెనీ కొలువున నుండిన రంఫియస్, బాండా దీవులలో ఇట్టి నత్తను పట్టుకొని మరణించిన యొక బానిస స్త్రీని గూర్చి వ్రాసెను. ఆయన గ్రంథము 1705లో అచ్చయ్యెను. ఈ విషము నరముల ఆజ్ఞ కండరములకు చేరకుండ అడ్డగించును; తుదకు ఊపిరి నిలిచిపోవును. దీనికి విరుగుడు మందు లేదు. అయినను విషప్రభావము తగ్గువఱకు ఆసుపత్రిలో కృత్రిమశ్వాస నందించినచో ప్రాణము నిలుపవచ్చును.

ప్రాణము తీయు ద్రవ్యమే బాధ నుపశమింపజేయుట విచిత్రము. ఫిలిప్పీన్సున జన్మించిన బాల్డొమెరో ఒలివేరాయు, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున ఆయన శిష్యులును ఈ విషములను అంశాంశములుగా విడదీసి పరీక్షించిరి. సోదరజాతియగు కోనస్ మేగస్ విషమున కనుగొనిన యొక పదార్థమునుండి జికోనోటైడు అను మందు పుట్టినది. దీనికి 2004లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చెను. ఇతర మందులకు లొంగని తీవ్రబాధ గల రోగులకు దీనిని వెన్నుపాము చుట్టునుండు ద్రవములోనికి ఎక్కింతురు. మార్ఫియావలె ఇది వ్యసనము కాదు.

శంకు నత్తలు మన దేశమునకు దూరపువి కావు. అండమానులలోను, లక్షద్వీపములలోను, మన్నారు సింధుశాఖలోను అవి కలవు. ఉద్యోగరీత్యా శ్రీ విజయపురములోనో కవరత్తిలోనో కాపురముండువారును, సెలవులలో అచ్చటికి పోవువారును పిల్లలకు ఒక్క మాట నేర్పవలెను: నీటిలో కనబడిన శంకు గుల్లను తాకరాదు, ఒడ్డున దొరికినదానిని ఖాళీ యని నమ్మి జేబులో వేసికొనరాదు. పొరపాటున కుట్టినచో, నొప్పి స్వల్పముగా నున్నను ఉపేక్షింపక, ఆ యవయవమును కదలనీయక, తత్క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

అందమును కన్నులతో చూచి, ప్రాణిని దాని తావుననే విడుచుట ఉభయులకును క్షేమము.