శ్‌రీ లక్‌ష్‌మి: బోర్డు మీద తప్పు ఎవరిది?

ఈ రోజు ఎపిసోడ్ రూమ్‌లో కూర్చుని కాదు, మా ఊరి మెయిన్ రోడ్డు మీద నుంచి. ఊరు రాయదుర్గం. హైదరాబాద్ మెట్రోలో లాస్ట్ స్టేషన్ ఉంది కదా, అది అనుకునేరు. అది కాదు. ఇది అనంతపురం జిల్లా రాయదుర్గం. కొండ మీద కోట, కొండ కింద ఊరు, పక్కనే బళ్లారి. నేను పుట్టింది ఈ రాయదుర్గంలో, ఉద్యోగం చేసింది ఆ రాయదుర్గంలో. ఈ రెండూ ఈ రోజు కథలో ఉన్నాయి, చివరిదాకా చూడండి.

ముందు ఈ బోర్డు చూడండి. "మెన్'స్ జీన్'స్". రెండు మాటలకీ పైన ఒక్కో కొమ్ము ఉంది చూశారా? దాన్నే అపాస్ట్రఫీ అంటారు. మా ఊళ్లో ఇంటింటికీ మెషిన్ ఉంటుంది, జీన్స్ ప్యాంట్లు కుట్టడం ఇక్కడ చాలామందికి బతుకుదెరువు. అందుకే ఈ మాట ప్రతి రెండో షాపు మీద కనిపిస్తుంది. ఇంగ్లీష్‌లో ఆ కొమ్ముకి ముఖ్యంగా రెండు పనులు. ఫలానా వాళ్లది అని చెప్పడం ఒకటి, మధ్యలో అక్షరం ఎగిరిపోయిందని చెప్పడం రెండోది. మెన్ విషయంలో కొమ్ము కరెక్టే, అది మగవాళ్ల బట్టల షాపు. కానీ జీన్స్‌లో ఎవరిదీ అనే అర్థం లేదు, అక్షరమూ ఎగిరిపోలేదు. మరి ఆ కొమ్ము ఎందుకు? ఎందుకూ లేదు, అందంగా ఉందని పెట్టారు.

ఇలాంటివి చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. ఇంగ్లీష్ కొమ్ము సంగతి వదిలేయండి, అది మన భాష కాదు. తెలుగులో ఆ కొమ్ము చేసే చిన్న చిన్న పనులన్నీ ఒత్తులు చేస్తాయి. ఒత్తు పోయినా, లేనిచోట వచ్చినా అర్థం మారిపోతుంది.

ఉదాహరణకి ఊరి బయట ప్లాట్లు అమ్మే బోర్డులు చూడండి. "స్థిరాస్థి" అని రాస్తారు. కరెక్ట్ మాట స్థిరాస్తి. చివర్లో తకి బదులు థ పడితే ఏమవుతుంది? అస్థి అంటే ఎముక. స్థిర, అస్థి రెండూ కలిపితే స్థిరాస్థి, అంటే శాశ్వతమైన ఎముకలు. ప్లాట్ కొంటే చివరికి మిగిలేది అదేనని చెప్తున్నారేమో మరి.

ఇంకోటి, "శాఖాహార భోజనం". శాకం అంటే కూరగాయ, ఆకుకూర. అది తింటే శాకాహారం. శాఖ అంటే చెట్టు కొమ్మ, లేదంటే ప్రభుత్వ డిపార్ట్‌మెంట్. కాబట్టి శాఖాహార హోటల్ అంటే కొమ్మలు తినే హోటల్, లేదా రెవెన్యూ శాఖని తినే హోటల్. మా సీమలో వీధికో వాటర్ ప్లాంట్ ఉంటుంది, దాని మీద "శుద్ద జలం" అని ఉంటుంది. కింద ఉండాల్సింది ధ ఒత్తు. శుద్ధ అనే మాటలోనే శుద్ధి లేదు.

నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చేది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఇంగ్లండ్‌లో జాన్ రిచర్డ్స్ అని ఒక రిటైర్డ్ జర్నలిస్ట్ 2001లో అపాస్ట్రఫీ రక్షణకి ఏకంగా ఒక సంఘమే పెట్టాడు. షాపులకి మర్యాదగా ఉత్తరాలు రాసేవాడు, అయ్యా మీ బోర్డు మీద ఈ కొమ్ము తప్పు అని. 2019లో, 96 ఏళ్ల వయసులో, ఇక నావల్ల కాదు అని సంఘం మూసేస్తున్నట్టు చెప్పాడు. బ్రిస్టల్ అనే ఊళ్లో ఇంకొకాయన ఏళ్ల తరబడి రాత్రిపూట పొడవాటి కర్ర పట్టుకుని తిరిగేవాడు. బోర్డుల మీద తప్పు కొమ్ముల్ని స్టిక్కర్‌తో మూసేసి, లేనిచోట అతికించేవాడు. 2017లో బీబీసీ ఆయన కథ చెప్పింది. ఆయన మాత్రం తన పేరు చెప్పలేదు.

ఒకాయన ఉత్తరం రాశాడు, ఇంకొకాయన రాత్రిపూట కర్ర పట్టుకుని తిరిగాడు. మరి నేనేం చేశాను? రీల్ చేశాను.

పోయిన సంవత్సరం సంగతి. మా వీధి చివర కొత్తగా ఒక బట్టల షాపు తెరిచారు. అసలు పేరు చెప్పను, శ్రీ లక్ష్మి అనుకోండి. బోర్డు మీద ఎట్లుందో స్క్రీన్ మీద చూడండి: "శ్‌రీ లక్‌ష్‌మి". శ్ విడిగా, రీ విడిగా. లక్, ష్, మి మూడు ముక్కలు. నాకు ఆగలేదు. ఫోన్ తీసి ముప్పై సెకండ్ల వీడియో చేశా. ఆ ముక్కల్ని ముక్కలుగానే చదివా, శ్, రీ, లక్, ష్, మి అని, నత్తి ఉన్నట్టు. కింద ఒక లైన్ కూడా పెట్టా: తెలుగు రానివాళ్లు తెలుగు బోర్డు ఎందుకు పెట్టాలి?

ఆ రీల్ బాగా పోయింది. అప్పటిదాకా నా ఏ వీడియోకీ అన్ని వ్యూస్ రాలేదు. ఆ బోర్డు మీద ఫోన్ నంబర్ ఉంది. నేను దాన్ని బ్లర్ చేయలేదు.

మూడో రోజు మా అమ్మ చెప్పింది, ఆ షాపు అక్క ఫోన్ స్విచ్ ఆఫ్ పెట్టుకుందని. ఎవరెవరో ఫోన్ చేసి "శ్, రీ, లక్" అని పెట్టేస్తున్నారంట. ఆ అక్క పదేళ్లు ఇంట్లో ప్యాంట్లు కుట్టి, ఆ డబ్బుతో తెరిచిన షాపు అది. ఆర్డర్లు వచ్చే ఫోన్ అది.

వెంటనే రీల్ తీసేసి షాపుకి వెళ్లా. అక్క నన్ను తిట్టలేదు. తన ఫోన్ తీసి, ఫ్లెక్స్ షాపుకి తను పంపిన వాట్సాప్ మెసేజ్ చూపించింది. అందులో ఏముందో తెలుసా? "శ్రీ లక్ష్మి". ఒక్క తప్పు లేదు. కింద అడ్రస్, ప్రొప్రైటర్ పేరు, అన్నీ కరెక్ట్‌గా టైప్ చేసింది. "నేను ఏడో తరగతి వరకే చదివినా నాయనా, కానీ శ్రీ రాయడం రాదా నాకు?" అనింది. నా దగ్గర జవాబు లేదు.

అయితే తప్పు ఫ్లెక్స్ డిజైన్ చేసినవాడిది అనుకుని అక్కడికి పోయా. ఇరవై ఏళ్ల పిల్లోడు. ఆ రోజు వాడి ముందు పుట్టినరోజు ఫ్లెక్స్‌లు, పెద్దకర్మ ఫ్లెక్స్‌లు, ఒక పార్టీ ర్యాలీది, అన్నీ సాయంత్రానికి కావాలి. నన్ను చూసి, "అన్నా, వాట్సాప్ నుంచి పేస్ట్ చేస్తే అట్ల పగిలిపోయి వస్తాది. మళ్లీ టైప్ చేయాలంటే టైం పట్టాది. నేను కన్నడ మీడియం అన్నా, తెలుగు మాట్లాడ్తా గానీ ఒత్తులు చూసి పట్టుకునేంత రాదు" అన్నాడు.

ఇది బయటి ఊరి వాళ్లకి వింతగా ఉండొచ్చు, మాకు కాదు. రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకి పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనవైపు వచ్చాయి. గీత మారింది గానీ ఇళ్లలో మాటలు మారలేదు. ఇక్కడ కన్నడ బడికి పోయి తెలుగు బోర్డు డిజైన్ చేసేవాడు ఉంటాడు. తెలుగు రానివాడు తెలుగు బోర్డు ఎందుకు పెట్టాలి అని నేను అడిగింది ఇట్లాంటి ఊళ్లో నిలబడి.

సరే, అక్క కరెక్ట్‌గా పంపింది, పిల్లోడు పేస్ట్ చేశాడు. మరి ఎక్కడ పగిలింది? ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చింది.

కంప్యూటర్‌కి "శ్రీ" అనేది ఒక అక్షరం కాదు. లోపల నాలుగు కోడ్‌లు: శ, పొల్లు, ర, దీర్ఘ ఈకారం గుర్తు. "లక్ష్మి" అయితే ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. దీన్నే యూనికోడ్ పద్ధతి అంటారు, మీ ఫోన్లో తెలుగు అంతా ఇట్లాగే ఉంటుంది. ఇంగ్లీష్‌లో అయితే ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పెట్టుకుంటూ పోతే చాలు. తెలుగులో ఈ ముక్కల్ని పక్కపక్కన పెడితే సరిపోదు, ఒకదాని కింద ఒకటి పేర్చాలి, ఒకదానికొకటి అతికించాలి. ఆ అతికించే పని చేసే ప్రోగ్రామ్ వేరే ఉంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అది లేకపోయినా, ఉండి ఆఫ్‌లో ఉన్నా, ముక్కలు ముక్కలుగానే అచ్చవుతాయి. శ్, రీ, లక్, ష్, మి. నేను వెక్కిరించింది అక్కని కాదు, ఆఫ్‌లో ఉన్న ఒక సెట్టింగ్‌ని.

దీనికి తోడు పాత డీటీపీ ఫాంట్లు ఉన్నాయి, అను లాంటివి. అవి యూనికోడ్ కాదు. ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌ల వెనక తెలుగు బొమ్మలు దాచిపెట్టిన ఫాంట్లు అవి. మీరు వాట్సాప్‌లో పంపింది వాటిలో నేరుగా పనిచేయదు, మళ్లీ మొదటి నుంచి టైప్ చేయాలి. మళ్లీ టైప్ చేసే ప్రతిసారీ ఒక ఒత్తు జారిపోయే ఛాన్స్ ఉంటుంది.

అతికించడం ఎంత ముఖ్యమో, అతికించకుండా ఆపడం కూడా అంతే ముఖ్యం. "రాజ్‌కుమార్" అని రాయాలంటే జ్ దగ్గర ఆగాలి. లేకపోతే "రాజ్కుమార్" అయిపోయి జ కింద క ఒత్తు పడుతుంది. ఆపడానికి యూనికోడ్‌లో కంటికి కనిపించని ఒక కోడ్ ఉంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. నన్నడిగితే మన తెలుగు అపాస్ట్రఫీ ఇదే. చిన్నది, చాలామందికి తెలియనిది, తప్పు చోట పడితే గొడవ చేసేది.

ఎంత గొడవ అంటే, 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు క్రాష్ అయిపోయాయి. ప్రపంచమంతా న్యూస్. ఆ అక్షరం జ్ఞా. మామూలుగా రాసే జ్ఞా కాదు. జ్ఞకీ దాని దీర్ఘానికీ మధ్యలో, అవసరం లేని చోట, ఈ కనిపించని కోడ్ పడింది. దాన్ని ఎలా గీయాలో తెలియక ఆపిల్ సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అంత పెద్ద కంపెనీ మన ఒక్క అక్షరం దగ్గర తడబడింది. రాయదుర్గంలో ఫ్లెక్స్ కొట్టే పిల్లోడు తడబడితే మనం రీల్ చేస్తాం.

ఇప్పుడు నా రెండో రాయదుర్గం సంగతి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు మా టీమ్ ఒక యాప్ చేసింది, బిల్లు పీడీఎఫ్‌లో వచ్చేది. ఒక రోజు టికెట్ వచ్చింది: బిల్లులో కస్టమర్ పేరు తెలుగులో ఉంటే అక్షరాలు విడిపోయి వస్తున్నాయి అని. అది నాకే అసైన్ అయింది. చూశా. సరిచేయాలంటే రెండు మూడు రోజుల పని. తెలుగులో బిల్లు ఎంతమంది తీసుకుంటారులే అనుకుని, "లో ప్రయారిటీ" అని రాసి క్లోజ్ చేశా. అదే తప్పు. అక్క బోర్డు మీద నేను చూసి నవ్విన తప్పూ, నేను క్లోజ్ చేసిన తప్పూ ఒక్కటే. ఏడో తరగతి చదివిన అక్క శ్రీ సరిగ్గా రాసింది. తెలుగు తెలిసి, బీటెక్ చదివి, జీతం తీసుకుని, ఆ శ్రీని ముక్కలు చేసేది నాలాంటి వాళ్లు.

దీనర్థం బోర్డు మీద తప్పులుంటే పర్లేదు అని కాదు. ఉండకూడదు. నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది బస్సు కిటికీలోంచి కనిపించే బోర్డులే. ఇప్పటి పిల్లలు కూడా అంతే. "శాఖాహారం" అని రోజూ చూసే పిల్లాడు పరీక్షలో అదే రాస్తాడు. కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం సవరించారు. మన దగ్గర కూడా షాపు పేరు తెలుగులో ఉండాలనే నిబంధన ఉంది. ఎంత ఉండాలో రూల్ చెప్తుంది, సరిగ్గా ఉందా లేదా అనేది మాత్రం మనమే చూసుకోవాలి.

కాబట్టి బోర్డు గానీ, పెళ్లి పత్రిక గానీ, ఫ్లెక్స్ గానీ చేయించేవాళ్లు ఈ మూడు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మ్యాటర్ టెక్స్ట్‌గా పంపినప్పుడు దాని స్క్రీన్‌షాట్ కూడా పంపండి. పేస్ట్ చేశాక పగిలిందా లేదా అని పోల్చుకోవడానికి అసలు రూపం వాళ్ల దగ్గర ఉంటుంది. రెండు, ప్రింట్‌కి ముందు ప్రూఫ్ అడగండి, ఇంట్లో తెలుగు బాగా చదివేవాళ్లతో గట్టిగా చదివించండి. అమ్మమ్మ అయితే ఇంకా మంచిది. మూడు, డిజైన్ చేసేవాళ్లకి: సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ విభాగంలో భారతీయ భాషల ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరుకుతాయి.

బోర్డు మీద తప్పు కనిపిస్తే లోపలికి వెళ్లి చెప్పండి, నెమ్మదిగా, కస్టమర్లు లేనప్పుడు. ముప్పై సెకండ్ల పని. రీల్ తీయడానికి పట్టే టైమే.

ఆ సాయంత్రం నేనూ ఆ పిల్లోడూ కూర్చుని సెట్టింగ్ మార్చి, ఫాంట్ మార్చి కొత్త ఫ్లెక్స్ కొట్టించాం. డబ్బులు నేనిస్తానంటే అక్క ఒప్పుకోలేదు. పాత ఫ్లెక్స్ తీసుకెళ్లి మేకల కొట్టం మీద కప్పింది. కొత్త బోర్డు కట్టాక కింద నిలబడి ఒక్కో అక్షరం చదువుకుంది. తర్వాత నా వైపు తిరిగి ఒకటే మాట అడిగింది: "బోర్డు మార్చినావు, సరే. ఆ వీడియో ఎంతమంది ఫోన్లలో ఉందో, దాన్నెట్లా మారుస్తావు?"

మార్చలేను. అందుకే ఈ వీడియో చేశాను. ఆ పాత రీల్ మీ దగ్గరికి ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే, దాని కింద ఇది పంపండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.