యంత్రమునకు ముందు చిట్టా



1998 నవంబరు 4వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయములలో ‘కార్డు’ అను కంప్యూటరు పద్ధతి మొదలిడినది. చూచువారికది ఒక్కనాటి వింత. కాని 1996 మొదలు దానికి సన్నాహము జరిగినది. ముందు కొద్దిచోట్ల నడిపి చూచిరి. గుమాస్తాలకు తర్ఫీదు నిచ్చిరి. పదునైదేండ్ల దస్తావేజుల వివరములను లోనికెక్కించిరి. ఈ కడపటిదే కష్టమైన పని. యంత్రము కొనుటకు డబ్బు చాలును. పాత పుస్తకములో సర్వేనంబరు తప్పియున్నచో దిద్దుటకు లెక్క తెలిసినవాడు కావలెను. లేనిచో యంత్రము ఆ తప్పునే త్వరగా చెప్పును, అంతే! గోపాలపట్నమువంటి చోట, పొలములు ఇండ్లస్థలములగుచుండగా, కూతురి పెండ్లికై స్థలమమ్ముకొనువానికి ఈసీలో ఒక్క అంకె తప్పిన బేరమే చెడును.

మన గ్రంథాలయపు పట్టికను కంప్యూటరునకెక్కింతమని కొందరనుచున్నారు. మంచిదే. మొదట బీరువాలు తెరచి, ప్రతి పుస్తకమును పట్టికతో సరిచూతము. యంత్రమునకు చందా ఆ తరువాత వసూలు చేయుదము.