డిశ్చార్జి తర్వాత నర్సు ఎవరు?

(భిలాయి సెక్టర్-4లో మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టర్ని కాను, నర్సును కాను. ఎం.బి.ఏ. చదివి, రోజంతా లోను ఫైళ్లు చూసే బ్యాంకు అధికారిని. అయినా జబ్బుపడిన పిల్లల సంరక్షణ గురించి మాట్లాడడానికి కారణం ఉంది. గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో బదిలీ మీద ఇక్కడికి వచ్చిన మనలో చాలామంది 'సికిల్ సెల్' అనే మాట భిలాయి వచ్చాకే వింటాం. ఛత్తీస్‌గఢ్‌లో ఇది బాగా కనిపించే జబ్బు. అలాగని మనకు సంబంధం లేనిది కాదు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉంది.

గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు ఈ జబ్బులో కొడవలిలా వంగి గట్టిపడతాయి. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. దాంతో భరించలేని నొప్పులు, రక్తహీనత, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు. తల్లిదండ్రులిద్దరిలో చెరొక లోపమున్న జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కాబట్టి 'కోడలి వైపు నుంచి వచ్చింది' అనే మాటకు అర్థం లేదు. ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు వస్తుంది.

ఇంట్లోవాళ్లకు నేర్పితే ఎంత మార్పు వస్తుందో చెప్పడానికి జమైకా అనుభవం చూడండి. ఈ జబ్బున్న చిన్నపిల్లల్లో ఒక్కోసారి రక్తం ప్లీహంలో చిక్కుకుపోయి, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మన పెద్దవాళ్లు 'కడుపులో బల్ల పెరిగింది' అనేవారే, అదే ఆ ప్లీహం. 1970లలో కింగ్‌స్టన్‌లోని సికిల్ సెల్ క్లినిక్‌వాళ్లు తల్లులకు ఒక పని నేర్పారు. బిడ్డ ఎడమ పక్కటెముకల కింద చేత్తో తడిమి చూడడం, గట్టిగా పెద్దదిగా తగిలితే వెంటనే ఆస్పత్రికి తీసుకురావడం. అంతకుముందు అలాంటి ప్రమాదం వచ్చిన ప్రతి వందసార్లలో దాదాపు 29 సార్లు బిడ్డ చనిపోయేది. ఆ తర్వాత అది మూడుకు తగ్గింది. 1985లో ఈ లెక్కలు ప్రచురించారు. అక్కడ తల్లి చేతికి అందింది కొత్త మందు కాదు, చిన్న పాఠం.

ఇక మన సంగతి. బ్యాంకులో చార్జి అప్పగించేటప్పుడు తాళాలు లెక్కపెట్టి, రిజిస్టర్లు చూసి, సంతకాలు పెట్టుకుంటాం. బిడ్డను ఆస్పత్రి నుంచి తెచ్చేటప్పుడు మాత్రం డిశ్చార్జి కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆటో ఎక్కేస్తాం. నిజానికి అక్కడ నర్సు మనకు చార్జి అప్పగిస్తోంది. సెక్టర్-9 ఆస్పత్రి అయినా, రాయ్‌పూర్ అయినా, హైదరాబాద్ అయినా అంతే. ఆవిడ చెప్పింది విని తల ఊపడం చాలదు. 'సిస్టర్, నేను చెప్తాను, తప్పుంటే దిద్దండి' అని మన మాటల్లో తిరిగి చెప్పాలి. ఇంకో సంగతి. ఇక్కడ నర్సు చెప్పేది హిందీలో. పగలంతా బిడ్డను చూసుకునే నాయనమ్మకు వచ్చింది తెలుగు. మధ్యలో సగం పాఠం జారిపోతుంది. అందుకే ఇంటికి రాగానే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఏం రాయాలి? నీళ్లు తరచుగా తాగించాలి, భిలాయి ఎండల్లో మరీ ఎక్కువగా. చలిలో ఒళ్లు వెచ్చగా ఉంచాలి. నొప్పి ఉన్నచోట ఐసు పెట్టకూడదు, వెచ్చని కాపడం పెట్టవచ్చు. ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా వంటి మందులు డాక్టర్ చెప్పిన మోతాదులోనే వాడాలి, మధ్యలో ఆపకూడదు. రక్తం తక్కువుంది కదా అని సొంతంగా ఐరన్ మాత్రలు వేయకూడదు. టీకాలు ఒక్కటీ తప్పకూడదు. జ్వరం 101 డిగ్రీలు దాటినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయినా, కడుపు ఉబ్బినా, కాలో చెయ్యో పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పిల్లవాడు నొప్పి అంటే నమ్మండి. 'స్కూలు ఎగ్గొట్టడానికి నాటకం' అనకండి. టీచరుకు కూడా చెప్పండి. ఈ పిల్లలకు క్లాసులో నీళ్ల సీసా ఉండాలి, అడిగినప్పుడల్లా బాత్రూంకి పంపాలి, ఎండలో పరుగులు తీయించే శిక్షలు వద్దు.

పన్నెండు పదమూడేళ్లు వచ్చాక రెండో చార్జి మొదలవుతుంది, మన నుంచి బిడ్డకు. ఈ జబ్బున్న పిల్లలు తోటివాళ్లకంటే ఆలస్యంగా ఎదుగుతారు. ఎగతాళికి గురవుతారు. విసుగొచ్చి మాత్రలు పారేస్తారు. అప్పుడు గద్దింపు పనిచేయదు. ముందు తన జబ్బు పేరు తను చెప్పగలగాలి, తర్వాత మాత్రల డబ్బా తనే నింపుకోవాలి, ఆ తర్వాత డాక్టర్‌తో తనే మాట్లాడాలి. కొన్నిసార్లు మనం గది బయట కూర్చోవాలి. మగపిల్లలకు మర్మాంగంలో నొప్పితో బిగుతు గంటల తరబడి ఉంటే అదీ అత్యవసరమే. సిగ్గుతో దాచకుండా చెప్పే చనువు ఇంట్లో ఉండాలి. రేపు హాస్టల్లో పక్కన ఉండేది మనం కాదు.

మనవి బదిలీల ఉద్యోగాలు. సామాను లారీ ఎక్కించినా బిడ్డ ఫైలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. రక్తపరీక్ష రిపోర్టు, బ్లడ్ గ్రూపు, మందుల మోతాదు, టీకాల కార్డు, పాత డిశ్చార్జి కాగితాలు. కొత్త ఊళ్లో తలుపు తాళం తీసిన వారంలోపే డాక్టర్‌ని కలవండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బును కూడా చేర్చారు. ధ్రువపత్రం గురించి కనుక్కోండి.

ఇంట్లో జబ్బు లేనివాళ్లకూ ఒక పని ఉంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలన్నది దాని లక్ష్యం. లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు మామూలు ఆరోగ్యంతోనే తిరుగుతారు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు. పెళ్లీడు పిల్లలుంటే జాతకాలతో పాటు ఈ రిపోర్టు కూడా చూడండి. మన కౌంటరుకు జబ్బుపడిన బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి వస్తే, ముందు కుర్చీ వేసి మంచినీళ్లివ్వండి. ఆ బిడ్డకు నీళ్లంటే మందుతో సమానమని ఇప్పుడు మనకు తెలుసు.